గట్టు నిండా గ్రానైటే, పెద్దబాతులు ఎక్కడ దిగాలి? మంత్రి గారికి బహిరంగ లేఖ

మాన్యులైన మంత్రి గారికి నమస్కారం.

చెరువుల సుందరీకరణ గురించి మీకు మేం చెప్పేదేముంది, శిలాఫలకాల మీద మీ పేరే ఉంది. పక్షులు దిగేందుకు చోటు వదలమని అర్జీలు ఇచ్చాం. నీళ్లు మావి, పక్షులు మావి కావు అని ఒక ఆఫీసు. గట్టు మాది, నీళ్లతో మాకేం పని అని ఇంకొకటి. పక్షులు మావే గానీ ఊళ్లోని చెరువు మా పరిధిలో లేదని మూడోది. మంగోలియా, టిబెట్ నుంచి హిమాలయాలు దాటి వచ్చే పట్టీతల పెద్దబాతుకు మాత్రం ఈ పరిధులు తెలియవు. చలికాలం మొదలవగానే వచ్చేస్తుంది, ఎండలు ముదరకముందే వెళ్తుంది.

అసలు బాధ గట్టు గురించి. పెద్దబాతు మునిగి తినే పక్షి కాదు, మేసే పక్షి. ముక్కు అంచున రంపం పళ్లలాంటి గాట్లుంటాయి, వాటితో గడ్డిని కత్తిరించుకుంటూ నడుస్తుంది. పగలు నీళ్ల మీద సేదతీరి, సందెవేళ నడిచి ఒడ్డెక్కాలి. పది అడుగులు లోపలికి నడిస్తే ఒక్క అడుగు లోతు వచ్చేంత వాలు, దాని వెనక పొట్టి గడ్డి ఉంటే చాలు. మీరేం చేశారు? శిఖం (నీళ్లు నిలిచే నేల) అంచు దాకా మట్టి నింపి, రాతి రివిట్‌మెంట్ (ఒడ్డు కోతపడకుండా కట్టే రాతి గోడ) నిలువుగా లేపి, పైన గ్రానైట్, ఆపైన స్టీలు రెయిలింగ్. పూడిక తీసేటప్పుడు పొక్లెయినర్ అంచుదాకా ఒకే లోతు తవ్వింది. అంచునున్న ఆ లోతు లేని నీళ్లలోనే తుంగ, నాచు, పురుగూ పుట్రా పెరిగేవి. ఇప్పుడు చెరువు లేదు, తొట్టి ఉంది. చాలా అందమైన తొట్టి, కాదనం. సెల్ఫీలు బాగా వస్తున్నాయి.

పైగా స్పీడ్‌బోటు. బోటు దగ్గరికి రాగానే ముందు ఒకటి మెడ నిలువుగా చాస్తుంది, తర్వాత గుంపంతా లేస్తుంది. లేచిన ప్రతిసారీ ఒంట్లో కొవ్వు ఖర్చు. తిరుగు ప్రయాణానికి దాచుకోవాల్సిన కొవ్వు అది. రాత్రి మేతకు పోదామంటే కట్ట పొడవునా ఎల్‌ఈడీ దీపాలు, మ్యూజిక్ ఫౌంటెన్. పార్కు గేటు దగ్గర పక్షుల కోసం అని బ్రెడ్డు అమ్మిస్తున్నారు. బ్రెడ్డు కడుపు నింపుతుంది గానీ బలమివ్వదు. మిగిలింది నీళ్లలో కుళ్లి ఆక్సిజన్ తగ్గిస్తుంది, ఆ బురదలోనే పక్షులను చంపే బొట్యులిజం అనే విషజబ్బు పుడుతుంది. ఒడ్డున పడ్డ ముక్కలకు కుక్కలు చేరతాయి. రాత్రంతా నీళ్లలో వదిలేసిన సన్నని నైలాన్ వలల సంగతి సరేసరి.

చట్టం అంటారా? వేటాడితే 1972 వన్యప్రాణి చట్టం ఉంది. దిగే చోటే లేకుండా చేస్తే అడిగేవాళ్లు లేరు. 2017 చిత్తడి నేలల నిబంధనలు సాగు కోసం కట్టిన చెరువులను లెక్కలోంచి తీసేశాయి. మన దగ్గర కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు ఎక్కువగా సాగు కోసం కట్టినవే కదా! పాకాల చెరువు అభయారణ్యంలో ఉండబట్టి బతికింది. ఊరి మధ్యలో చెరువుకు ఆ అదృష్టం ఎక్కడిది?

అయ్యా, మొత్తం గ్రానైట్ పీకమనడం లేదు. మత్తడికి దూరంగా, జనం తిరగని ఒక పక్క రివిట్‌మెంట్ తీసి వాలు చేయించండి. నవంబరు నుంచి మార్చి దాకా ఆ పక్కకు బోట్లు రాకుండా తాడు, తేలే డ్రమ్ములు కట్టించండి. ఆ వైపు దీపాలు రాత్రి ఆర్పండి. గడ్డిని బెత్తెడు మించకుండా కోయిస్తే చాలు, మందు కొట్టొద్దు. బ్రెడ్డు ఆపండి. తీసిన పూడికను లారీల్లో పంపే బదులు, కొంత చెరువు మధ్యలోనే దిబ్బగా పోయించండి. చుట్టూ కుక్క ఈదలేనంత నీళ్లుండాలి.

ఈ పనులకు కొత్త పథకం అక్కర్లేదు, వేరే నిధులూ అక్కర్లేదు. ఎండాకాలం పనుల అంచనాలు ఇంకా టెండరుకు పోలేదని విన్నాం. డ్రాయింగులో ఆ వాలు ఇప్పుడే గీయించండి. కాంక్రీటు పోశాక మళ్లీ అర్జీ పట్టుకుని ఏ ఆఫీసుకు రావాలో అదైనా సెలవియ్యండి.

ఇట్లు,
వరంగల్, హన్మకొండ పక్షి ప్రేమికులు