ఐసీయూలో మెగ్నీషియం పరీక్ష ఎందుకు వదిలేస్తున్నారు?

సంపాదకుడు గారికి,

మెగ్నీషియం తగ్గితే ప్రాణానికే ముప్పని పోయిన వారం మీరు వేసిన వార్త చూసి, ఏ మాత్రలు వేసుకోవాలని తెలిసినవాళ్లంతా నన్ను అడుగుతున్నారు. నేను ఐసీయూలో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఆ వార్తలోని అధ్యయనాలు ఐసీయూ రోగుల మీద జరిగినవి. మామూలుగా తిరిగే మనిషికి అవి వర్తించవు. ఆ ఒక్క ముక్క రాయడానికి చోటు లేకపోయిందా?

అసలు రాయాల్సిన సంగతి వేరే ఉంది. ఐసీయూలో చేరగానే ఎలక్ట్రొలైట్స్ అని, అంటే ఒంట్లోని లవణాల పరీక్షకని, రక్తం తీస్తారు. చాలాచోట్ల రిపోర్టులో సోడియం, పొటాషియం, క్లోరైడ్ ఉంటాయి, మెగ్నీషియం ఉండదు. డాక్టర్ విడిగా రాస్తేనే చేస్తారు. ఒంట్లో నీరు లాగే ఫ్యూరోసెమైడ్, యాంటీబయోటిక్ అమికాసిన్, ఫంగస్ మందు ఆంఫోటెరిసిన్, ఏళ్ల తరబడి వాడిన గ్యాస్ మాత్రలు, ఆగని విరేచనాలు, అన్నీ మెగ్నీషియాన్ని తగ్గించేవే. ఐసీయూ రోగికి వీటిలో ఒకటో రెండో ఉండనే ఉంటాయి. మెగ్నీషియం తగ్గితే పొటాషియం మూత్రంలో పోతూనే ఉంటుంది. రాత్రంతా పొటాషియం ఎక్కించినా పొద్దున రిపోర్టులో అదే అంకె రావడం నేను చూశాను. ఈలోగా గుండె లయ తప్పుతుంది, ఊపిరి తీసే కండరాలు నీరసపడి వెంటిలేటర్ తీయడం కష్టమవుతుంది. ఒంట్లోని మెగ్నీషియంలో ఒక శాతం కూడా రక్తంలో ఉండదు కాబట్టి రిపోర్టు నార్మల్ అని వచ్చినా లోపం ఉండొచ్చు. అసలు చూడనే చూడకపోతే ఇంకేం తెలుస్తుంది?

మెగ్నీషియం తక్కువున్న రోగుల్లో మరణాలు, వెంటిలేటర్ అవసరం ఎక్కువని చాలా అధ్యయనాలు చెప్పిన మాట నిజమే. కానీ అదే కారణమని తేలలేదు. జబ్బు ముదిరినవాళ్లకే అది ఎక్కువ తగ్గుతుంది. మీరు మాత్రం తేల్చేశారు. గుండెపోటు వచ్చిన 58 వేల మందికి పైగా రోగులతో చేసిన ఐసిస్-4 పరిశోధనలో మెగ్నీషియం ఇచ్చినా మరణాలు తగ్గలేదని 1995లోనే తేలింది. బీపీ పెరిగిన గర్భిణులకు ఫిట్స్ వచ్చే ముప్పును అదే మందు సగానికి పైగా తగ్గిస్తుందని 2002లో మ్యాగ్‌పై పరిశోధన చూపించింది. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నదే ముఖ్యం.

తనిఖీకి వచ్చే అధికారులు మంచాలు లెక్కపెడతారు, వెంటిలేటర్లు లెక్కపెడతారు, రిజిస్టర్‌లో సంతకాలు చూస్తారు. ఫలానా రోగికి ఫలానా పరీక్ష ఎందుకు చేయలేదని అడిగిన అధికారి నా సర్వీసులో ఒక్కరూ కనబడలేదు. వెనకటి పెద్ద డాక్టర్లు రౌండ్లో పొటాషియం తక్కువంటే చాలు, మెగ్నీషియం ఎంతని మమ్మల్ని నిలదీసేవారు. ఆ అడగడమే తగ్గిపోయింది. ఆరోగ్య శాఖ చేయాల్సింది పెద్దదేం కాదు. ఐసీయూలో చేరిన రోజే ఈ పరీక్ష తప్పనిసరి చేయాలి, నీరు లాగే మందులు వాడుతున్నన్నాళ్లూ మళ్లీ మళ్లీ చేయించాలి, ల్యాబ్‌లో రీఏజెంట్ (పరీక్షకు వాడే రసాయనం) అయిపోయిందన్న మాట వినబడకూడదు.

మీరు కూడా మాత్రల సంగతి సరిదిద్ది వేయండి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు మెగ్నీషియం ఒంట్లో పేరుకుపోయి ఊపిరే ఆగిపోవచ్చు. మీ వార్త చదివి మాత్రలు కొన్నవాళ్లలో అలాంటివాళ్లూ ఉంటారు.

ఒక రిటైర్డ్ ఐసీయూ నర్సు