పాయకాపురం ఇంటి తాళాల సంగతి

బుజ్జమ్మా,

ఫోన్లో చెబుదామంటే నువ్వు ఆఫీసులో ఉంటావ్, అల్లుడుగారికి చెప్తే "సరే అత్తయ్యా" అని పెట్టేస్తారు, అందుకే అంతా టైప్ చేసి పంపిస్తన్నా, తీరిగ్గా ఇద్దరూ చదువుకోండి.

కార్పెంటర్ ఇంట్లో తాళాలన్నీ పీకేసి కొత్తవి వేద్దామని పెద్ద లిస్టే రాసిచ్చాడంటగా, మీ నాన్న కూడా "రీసేల్ ఇల్లు, పాత తాళాలతో ఎట్టా ఉంటారు" అని దానికే తలూపుతున్నారు. నేనైతే అన్నీ మార్చక్కర్లేదంటా. అలాగని ఏదీ ముట్టుకోకుండా చేరిపోవడమూ కుదరదు.

తాళం పాడవడం వేరు, చెవి ఎవరెవరి దగ్గరుందో తెలీకపోవడం వేరు. అమ్మినాయన మీ చేతిలో మూడు చెవులు పెట్టాడు సరే, అంతకుముందు అద్దెకున్నవాళ్ళు, పనిమనిషి, ఇల్లు చూపించిన బ్రోకరు, వీళ్ళల్లో ఎవరు కాపీ చేయించుకున్నారో ఆయనకి మాత్రం ఏం తెలుసు, రోడ్డు పక్కన తాళం చెవులు చేసేవాడు ఇది ఎవరింటిదమ్మా అని అడగడు కదా. పాపం అందరూ మంచోళ్ళే అయ్యుండొచ్చు, అయినా పాత చెవితో మాత్రం ఆ తలుపు తెరుచుకోకూడదు.

మీ అక్క డల్లాస్‌లో ఇల్లు కొన్నప్పుడు తాళం అలాగే ఉంచి లోపల పిన్నులు మార్పించింది గుర్తుందా, దాన్ని రీకీ అంటారంట. సిలిండర్ లోపల స్ప్రింగుల కింద అయిదారు చిన్న పిన్నులుంటాయి, చెవి పళ్ళు వాటన్నిటినీ సరిగ్గా ఒక గీత దగ్గరికి లేపితేనే లోపలి గుండ్రటి ముక్క తిరిగిద్ది. ఆ పిన్నులు తీసి వేరే ఎత్తువి వేస్తే పాత చెవి లోపలికి దూరిద్ది గానీ తిరగదు. అక్కడ హార్డ్‌వేర్ షాపుల్లోనే చేసిస్తారు. మన దగ్గర చెవి చేసేవాళ్ళు వీధికొకళ్ళు ఉంటారు గానీ పిన్నుల కిట్ పెట్టుకునేవాళ్ళు తక్కువ, మీ మావయ్య ఇన్నేళ్ళుగా పట్నంబజారులో కొట్టు నడుపుతున్నాడు, ఆయన్ని అడిగితే "దాని కోసం తిరగడం దేనికక్కా, సిలిండరే మార్చేస్తే సరిపోయిద్ది" అన్నాడు.

మీ మెయిన్ డోర్‌ది హ్యాండిల్ ఉన్న మార్టిస్ లాక్, నేను చూశా. అందులో బాడీ తలుపు చెక్కలో గాడి తొలిచి కూర్చోబెట్టి ఉంటది, సిలిండర్ మాత్రం విడి ముక్క. తలుపు తెరిచి పక్క అంచున ఉన్న ప్లేట్ చూస్తే సిలిండర్ ఎత్తులో ఒక పొడుగు స్క్రూ ఉంటది, అది విప్పి చెవి పెట్టి కొంచెం తిప్పితే మధ్యలో నాలుక లోపలికి సర్దుకుని సిలిండర్ బయటికొచ్చేసిద్ది. కొత్తది దూర్చి స్క్రూ బిగించడమే, అల్లుడుగారే చేసుకోవచ్చు. బాడీ, హ్యాండిలు దివ్యంగా ఉన్నాయి. అంత మంచి టేకు తలుపుని వేరే సైజు లాక్ కోసం మళ్ళీ ఉలితో తొలిస్తే అక్కడే బలం పోయిద్ది, కార్పెంటర్ ఈ ముక్క చెప్పడులే.

కొలత మాత్రం జాగ్రత్త. స్క్రూ బొక్క మధ్య నుంచి ఒక్కో వైపు ఎంతుందో విడివిడిగా కొలవాలి, 30కి 30 మిల్లీమీటర్లు అయితే అరవై సైజు, 35కి 35 అయితే డెబ్భై, కొన్నిటికి రెండు వైపులా ఒకేలా ఉండదు కూడా. బయట ప్లేట్ కంటే రెండు మూడు మిల్లీమీటర్లకి మించి పొడుచుకు రాకూడదు, వస్తే పట్టకారుతో పట్టి విరిచేస్తారు, ఆ స్క్రూ బొక్క దగ్గరే లోహం పల్చగా ఉంటది మరి. ఇంకోటి, లోపలి వైపు చెవి బదులు నాబ్ ఉన్నది తీసుకోండి. రాత్రి పూట ఏ పొగో మంటో వస్తే చెవి కోసం వెతుక్కోకుండా తిప్పి బయటపడొచ్చు. పక్కన కిటికీలోంచి చెయ్యి పెడితే నాబ్ అందే తలుపుకైతే వద్దంటా, మీకు కిటికీ దూరమే.

పెరటి తలుపు సంగతి వేరు. వీధి వైపు మెట్లున్నాయి కాబట్టి 2024 సెప్టెంబర్లో బుడమేరు నీళ్ళు మెయిన్ డోర్ తాళం దాకా రాలేదు, పెరటి వైపు పల్లం, అక్కడ తాళం పైదాకా మునిగింది, గోడ మీద మరక ఇంకా ఉందిగా. లోపలికి పోయిన ఒండ్రు ఎండి గట్టిపడింది, స్ప్రింగులు తుప్పు పట్టాయి. దానికి సిలిండర్ మార్చినా, పిన్నులు మార్చినా దండగే, మొత్తం తీసి పారెయ్యండి. మీ అత్తగారు కొబ్బరినూనె పోస్తే వదులైద్ది అంటన్నారంట, ఆవిడతో వాదించొద్దు గానీ పొయ్యొద్దు, జిగురుకి ఇంకా దుమ్ము పట్టిద్ది.

మధ్య గది తలుపు బిగుసుకుంటందన్నావు. అది తాళం తప్పు కాకపోవచ్చు. తలుపు తెరిచి ఉంచి చెవి తిప్పి చూడు, అప్పుడు హాయిగా తిరిగితే తాళం బాగున్నట్టే, నీళ్ళకి చెక్క ఉబ్బి గడి వెళ్ళి ఫ్రేమ్ ప్లేట్‌కి తగులుతున్నట్టు. ప్లేట్ కాస్త జరిపిస్తే చాలు.

గేటుది తాళంకప్పే కాబట్టి కొత్తది కొనుక్కోండి, దానికి ఆలోచించేదేముంది.

అన్నిటికంటే ముఖ్యం, ఇవన్నీ ఇప్పుడే వేసెయ్యొద్దు. పెయింటింగ్ వాళ్ళు, ఎలక్ట్రీషియన్, కప్‌బోర్డుల వాళ్ళు చెవి పట్టుకుని తిరుగుతూనే ఉన్నారుగా, కొత్త సిలిండర్ ఇప్పుడు పెడితే దాని కాపీ కూడా ఊళ్ళోకి పోయిద్ది. పాతదే ఉంచండి, పనులన్నీ అయ్యాక పాలు పొంగించే ముందు రోజు సాయంత్రం మార్చుకోండి. కొత్త ప్యాకెట్లో చెవులతో పాటు చిన్న కార్డు గానీ నంబర్ ఉన్న బిళ్ళ గానీ వస్తే ఆ చెవుల గుత్తికే తగిలించొద్దు, బీరువాలో పెట్టుకో. ఒక చెవి నాకివ్వండి, పక్కింటావిడకి మాత్రం వద్దు, ఎంత మంచిదైనా.

సిలిండర్ ఫొటో, కొలతలు శనివారం లోపు పంపు, ఆదివారం మావయ్య కొట్టు తియ్యడు. మీ నాన్న సోమవారం ఎలాగూ విజయవాడ వస్తన్నారు, ఆయన చేతికిచ్చి పంపిస్తా. కార్పెంటర్‌కి అడ్వాన్స్ ఇవ్వలేదుగా?

అమ్మ