మా అత్తగారి నాన్న పుట్టిన ఊరు దొరికింది, సాయపడ్డ అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా అత్తగారి నాన్న ఏ ఊళ్లో పుట్టారో తెలిసింది. ఇంటి నంబరుతో సహా దొరికింది. ఈ పనిలో చెయ్యి వేసినవాళ్లలో సగంమంది తెలుగువాళ్లే. అందుకే ఈ నాలుగు ముక్కలూ తెలుగులో రాస్తున్నాను. మిగిలినవాళ్లకు విడిగా ఉత్తరాలు రాశాను.

మా ఆయనది డెట్రాయిట్. అత్తగారికి తొంభై దాటాయి. ఆవిడకు నాన్న గురించి తెలిసింది చాలా తక్కువ: ఆస్ట్రియా నుంచి వచ్చారు, రాగి గనుల్లో పనిచేశారు, పాత ఊరి మాట ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవారు. ఆస్ట్రియాలో ఎంత వెతికినా ఆ ఇంటిపేరు తగల్లేదు. తగలదు మరి! ఆయన వచ్చిన 1909లో ఇప్పటి క్రొయేషియా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. 1910 అమెరికా జనాభా లెక్కల్లో ఆయన పుట్టింది ఆస్ట్రియాలో, 1930కి వచ్చేసరికి యుగొస్లావియాలో. మనిషి మిషిగన్ దాటలేదు, పుట్టిన దేశం మాత్రం మారుతూ వచ్చింది.

ముందుగా డాలస్ అక్కకు. ఓడ ప్రయాణికుల జాబితా పట్టుకున్నది ఆవిడే. న్యూయార్క్ రేవులో వలసవచ్చేవాళ్లను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో గుమాస్తాలు ఇంటిపేరు మార్చేశారన్న కథ మా అత్తగారింట్లోనూ ఉంది. జాబితాలు ఓడ ఎక్కేచోటే రాసేవారనీ, ఇక్కడివాళ్లు వాటిని చూసి సరిపోల్చుకునేవారే తప్ప కొత్త పేర్లు పెట్టేవారు కాదనీ అక్క ఓపిగ్గా చెప్పారు. అందుకని అక్షరాలు అటూఇటూ చేసి వెతికితే, ఫియూమే రేవు నుంచి న్యూయార్క్ వచ్చిన కార్పాథియా అనే ఓడలో తాతగారు దొరికారు. 1912లో టైటానిక్ ప్రయాణికుల్ని కాపాడిన ఓడ అదే. 1907 నుంచి ఈ జాబితాల్లో స్వదేశంలోని దగ్గరి బంధువు పేరు, పుట్టిన ఊరు కూడా రాసేవారు. తండ్రి పేరు చక్కగా కనిపిస్తోంది. ఊరి పేరు మీదే సిరా మరక.

ఆ రాగి గనుల దగ్గరి హౌటన్‌లో ఎం.ఎస్. చదువుతున్న తమ్ముడూ, నీకు పెద్ద థాంక్స్. నడుములోతు మంచులో మిషిగన్ టెక్ ఆర్కైవ్స్‌కి వెళ్లి, కాల్యుమెట్ అండ్ హెక్లా గనుల ఉద్యోగుల కార్డుల్లోంచి తాతగారిది ఫొటో తీసి పంపావు. వయసు, ఎత్తు, పని: ట్రామర్. అంటే గనిలో రాయి నింపిన బండ్లు తోసే పని. చివరి తేదీ 1913 జులై. గనివాళ్ల సమ్మె మొదలైంది ఆ నెల్లోనే. ఆ డిసెంబరు 24న కాల్యుమెట్‌లోని ఇటాలియన్ హాల్లో సమ్మె కుటుంబాలు పండగ చేసుకుంటుంటే, ఎవరో నిప్పని అరవడంతో మెట్ల దగ్గర తొక్కిసలాటలో 73 మంది పోయారు. ఎక్కువమంది పిల్లలే. అత్తగారికి ఇది చదివి వినిపించాను. "క్రిస్మస్ ముందురోజు మమ్మల్ని ఎక్కడికీ పంపేవాడు కాదు" అన్నారు, అంతే.

1914లో ఫోర్డ్ కంపెనీ రోజుకు 5 డాలర్లు అనగానే చాలామంది గనివాళ్లలాగే ఈయనా డెట్రాయిట్ వచ్చేశారు. అక్కడ 1917 జూన్‌లో నింపిన డ్రాఫ్ట్ కార్డును (సైన్యానికి పిలవడం కోసం పేర్లు నమోదు చేసుకున్న కార్డు) కూడా అక్కే వెతికారు. పుట్టిన ఊరి గడిలో "రోనగోరా, ఆస్ట్రియా" అని ఉంది. రవ్న గోరా అయ్యుంటుందని మేం సెర్బియాలోని ఆ పేరు కొండ చుట్టూ తిరుగుతుంటే, క్రొయేషియాలోని జాగ్రెబ్‌లో ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మ ఆపారు. మనిషి క్యాథలిక్, ఓడ జాబితా జాతి గడిలో క్రొయేషియన్, ఎక్కింది ఫియూమేలో. అలాంటప్పుడు సెర్బియా ఎందుకు, ఇక్కడి కొండప్రాంతం గోర్స్కి కోటార్‌లో డెల్నిట్సె దగ్గర ఇంకో రవ్న గోరా ఉంది, అది చూడండి అన్నారు. ఫియూమే అంటే ఇప్పటి రియెకా, ఆ కొండలు దిగితే వచ్చే రేవే.

ఆ ఊరి చర్చిలో పుట్టుకలు రాసిన పుస్తకాలను ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో చూశాం. చూడగానే గుండె జారింది. ఒకటే పేరు, ఒకటే ఇంటిపేరు ఉన్నవాళ్లు పేజీకి ఇద్దరు ముగ్గురు. మన ఊళ్లలో 'బావికాడోళ్లు', 'చింతచెట్టోళ్లు' అన్నట్టు అక్కడా ఇంటికో పిలుపు పేరుంటుందట. దాన్నీ ఇంటి నంబరునూ పట్టుకుని టీచరమ్మ ఆ లాటిన్ గొలుసు రాతను వరసగా విప్పారు. ఓడ జాబితాలోని తండ్రి పేరు కలిసింది, పుట్టిన తేదీ కలిసింది. అదే ఇంటి నంబరు కింద ఇంకో నలుగురు పిల్లలు, ఇద్దరి పేర్ల పక్కన చిన్న శిలువ గుర్తు, అంటే పోయారని. నాన్నకు తోబుట్టువులున్నారని అత్తగారికి అప్పుడే తెలిసింది. ఆ పేర్లు పెద్ద అక్షరాల్లో రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించుకున్నారు.

టీచరమ్మ డబ్బు తీసుకోలేదు. తాతగారి ఫొటో ఒకటి అడిగారు, ఆ ఊరి చర్చికి ఇస్తారట. అత్తగారు పెళ్లి ఫొటో ఏరి పెట్టారు, ఈ వారం పోస్టు చేస్తున్నాం.

ఇలాంటి వెతుకులాటలో ఉన్నవాళ్లెవరైనా ఉంటే నాకు రాయండి. ఓడ జాబితాలూ డ్రాఫ్ట్ కార్డులూ నేను చదివి పెడతాను. లాటిన్ పుస్తకాలకు మాత్రం టీచరమ్మనే బతిమాలాలి.