ఆ తుపాకీ గొట్టం కాస్త కిందికి దించమనండి సార్

విశాఖ నగర పోలీసు కమిషనర్ గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మనవరాలితో ఆర్కే బీచ్‌కి వెళ్లాను. మొక్కజొన్న పొత్తు కొంటుంటే ఎవరో పెద్దమనిషి కారు దిగాడు, వెనకే గన్‌మన్. జనాన్ని తోసుకుంటూ వెళ్తుంటే ఆ తుపాకీ గొట్టం సరిగ్గా పిల్ల మొహం ఎత్తున ఊగింది. పొత్తు ఇసకలో పడేసి నా కొంగులో దూరింది. "మనమేం చేశాం అమ్మమ్మా?" అంది. ఏం చెప్పను?

ఖాకీ బట్టలైతే ఎవరిని అడగాలో తెలుసు. పెళ్లిలో లాల్చీ కింద రివాల్వర్ కనిపిస్తేనే అసలు టెన్షన్. లైసెన్సుందా అని అడిగే ధైర్యం ఎవరికుంది? మా వారికైతే లేదు, భోజనం కూడా చేయకుండా వచ్చేశారు.

1959 ఆయుధాల చట్టం కింద నగరంలో ఆ లైసెన్సులు చూసేది మీరే. 2019 సవరణ ప్రకారం వేడుకల్లో తుపాకీ పేల్చి జనం ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ ముక్క ఫంక్షన్ హాళ్ల గుమ్మాల దగ్గర తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి. రద్దీలో గొట్టం నేలవైపు ఉంచమని గన్‌మన్లకు గట్టిగా చెప్పండి. పిల్ల మళ్లీ బీచ్‌కి రానంటోంది.

ఇట్లు,
ఎంవీపీ కాలనీ అమ్మమ్మ