కారు పందెం కోటీశ్వరులకే పరిమితం కాదు

సంపాదకులకు నమస్కారం.

కారు పందేలు కోటీశ్వరుల సరదా తప్ప మరేమీ కావని, వాటికి పత్రికలో చోటివ్వడం దండగని ఈ మధ్య మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల పందేన్ని చూసినవారికి అలా అనిపించడంలో వింతేమీ లేదు. ఆర్టీసీ డిపో గ్యారేజీలో 31 ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి రిటైరైన నేను కూడా నిరుటి వరకు ఆ మాటే అనేవాణ్ని. అయితే అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు, కాలిఫోర్నియాలో సాక్రమెంటోకు ఉత్తరాన విల్లోస్ అనే ఊరి దగ్గరున్న థండర్‌హిల్ ట్రాక్‌లో రెండు రోజులపాటు చూసిన ఒక పందెం గురించి ఆ పాఠకుడికి చెప్పాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ఆ పందెం పేరు '24 అవర్స్ ఆఫ్ లెమన్స్'. ఫ్రాన్స్‌లో 1923లో మొదలైన ప్రసిద్ధమైన ల మాన్ 24 గంటల పందేన్ని ఎగతాళి చేస్తూ పెట్టుకున్న పేరు అది. కొన్ననాటి నుంచీ ఇంటికీ షెడ్డుకూ మధ్య తిరగడంతోనే సరిపోయే కారును అమెరికావాళ్లు 'లెమన్' అంటారు. మనం కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం, వాళ్లకు బండే నిమ్మకాయ. జే లామ్ అనే మోటారు వాహనాల పాత్రికేయుడు 2006లో దీన్ని ప్రారంభించారు. కారు కొనడానికి, దాన్ని పందేనికి తయారు చేయడానికి కలిపి 500 డాలర్లు దాటకూడదన్నది మూల నియమం. దాటిందని జడ్జీలకు అనుమానం వస్తే, ఎక్కువైన ప్రతి 10 డాలర్లకూ ఒక రౌండు చొప్పున ముందే కోత వేస్తారు. నలుగురైదుగురు డ్రైవర్లు వంతులవారీగా ఒకే కారును నడుపుతారు, గడువు ముగిసేసరికి ఎక్కువ రౌండ్లు తిరిగిన కారు గెలిచినట్టు. పేరులో 24 గంటలున్నా చాలా పందేలు శని, ఆదివారాల పగటి వేళలతోనే ముగుస్తాయి, తెల్లవార్లూ నడిచేవి కొన్నే.

పందేనికి ముందు జరిగే తనిఖీలో జడ్జీలకు లంచం ఇవ్వడం అక్కడ బహిరంగ ఆచారం. మద్యం సీసానో, ఇంట్లో చేసిన బిస్కెట్లో పుచ్చుకుని, లంచం ముట్టిందని కారు మీదే రంగుతో ముద్ర వేస్తారు. తీసుకున్నదానికి ఇంత బాహాటంగా రసీదు ఇవ్వడం నేను మరెక్కడా చూడలేదు. ట్రాక్ మీద గిర్రున తిరిగిపోయినా, పక్క కారును రాసుకున్నా నల్లజెండా చూపి పిలిపించి, డ్రైవర్‌ను నలుగురిలో నవ్వులపాలు చేసే శిక్షలు వేస్తారు. తొలి ఏళ్లలోనైతే తోటి పోటీదారులు ఓటు వేసి ఎంచిన కారును పొక్లెయిన్‌తో అక్కడికక్కడే నలిపేసేవారట. ఒక జట్టు పాత వ్యానుకు చిన్న విమానం డొక్కు తొడిగి నడిపిన సంగతి అక్కడ కథలా చెప్పుకుంటారు. ఈ హంగామా చూసి మొదటి గంటలో ఇది పిల్లచేష్ట అనుకున్నాను. పదకొండు గంటలకు మా అబ్బాయి జట్టు కారు పొగలు కక్కుతూ లోపలికి వచ్చాక గాని అసలు ఆట నాకు అర్థం కాలేదు.

అది 28 ఏళ్ల బండి. ఏ కంపెనీదో చెప్పను, ఆ వయసులో బండి మొరాయిస్తే తయారుచేసినవాణ్ని అనడం న్యాయం కాదు. రేడియేటర్ గొట్టం పగిలింది, అది చిన్న పని. దాని వెనక పెద్ద పని ఇంకొకటి దాగి ఉంది: పొడవాటి కుడి మలుపుల్లో ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతోందని డ్రైవర్ చెప్పాడు. రోడ్డు మీద మనం ఎంత వేగంగా పోయినా కారు అంతసేపు ఒకే పక్కకు ఒత్తుకుని ఉండదు. ట్రాక్ మలుపులో మాత్రం చాంబర్‌లోని, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోని ఆయిల్ అంతా ఒక గోడకు ఎగబాకి, పంపు ఆయిల్ పీల్చుకునే గొట్టం మూతి గాలిలో తేలుతుంది, దాంతో ఒకటి రెండు క్షణాలు బేరింగులకు ఆయిల్ అందదు. ఒక రౌండులో ఆ క్షణాలు లెక్కలోకి రావు గాని, వంద రౌండ్లు తిరిగేసరికి అవన్నీ కలిసి క్రాంక్ బేరింగులను తినేసి, చివరకు పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు ఇంజిన్ బ్లాకును పొడుచుకుని బయటికి వస్తుంది. ఆ రెండు రోజుల్లో అలా బ్లాకు పగిలిన ఇంజిన్లు మూడు చూశాను. బస్సు డీజిల్ ట్యాంకులో ఉన్నట్టే చాంబర్‌లో కూడా అడ్డుపలకలు వెల్డింగ్ చేయడం దీనికి విరుగుడు. ఆ సంగతి చెప్పగానే, అప్పటిదాకా నాకు కుర్చీ వేసి గొడుగు పట్టిన పిల్లలు గొడుగు వదిలేసి నా చేతికి టార్చి ఇచ్చారు.

ఆ రాత్రి రెండింటి వరకు చాంబర్ దించి పలకలు అతికించాం. చాంబర్ అతుకులోంచి ఆయిల్ కారకుండా పెట్టే సరైన గాస్కెట్ మా దగ్గర లేకపోతే, తెల్లవారితే మాతో పోటీ పడవలసిన పక్క జట్టువాళ్లు తమ పెట్టెలోంచి తీసి ఇచ్చారు, డబ్బు ఇవ్వబోతే నవ్వారు. ఇక్కడ మొదట వచ్చిన కారు కన్నా, నడవనే నడవదనుకున్న స్థితి నుంచి ఊహించనంత దూరం నడిచిన కారుకే అన్నిటికన్నా గౌరవమైన బహుమతి ఇస్తారంటే, ఆ సంస్కారం ఎక్కడి నుంచి వస్తుందో తెలుస్తుంది.

అలాగని ఇది పేదవాళ్ల ఆట అని నేను చెప్పను. 500 డాలర్ల లెక్కలోకి ప్రాణాన్ని కాపాడే సామాను రాదు. డ్రైవర్ చుట్టూ బిగించే ఇనుప పంజరం, రేసింగ్ సీటు, బెల్టులు, హెల్మెట్, మెడ విరగకుండా పట్టే కట్టు, నిప్పంటుకోని దుస్తులు, మంటలార్పే ఏర్పాటు, చివరికి బ్రేకులు, టైర్లు కూడా ఆ లెక్కకు వెలుపలే. వీటన్నిటికీ కారు ధర కన్నా ఎన్నో రెట్లు అవుతుంది కనుక జట్టులో అందరూ పంచుకుంటారు. పెట్రోలు పోసేటప్పుడు ఇంజిన్ ఆపి, డ్రైవర్ దిగి, మంటలార్పే సిలిండర్‌తో ఒకరు పక్కన నిలబడవలసిందే. లంచం తీసుకుని నవ్విన జడ్జీలు పంజరంలో ఒక వెల్డింగ్ సరిగా లేదని ఇంకో కారును తిప్పి పంపారు, ఎంత బతిమాలినా వినలేదు. మన దగ్గర రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు మీద పందేలు వేసుకునే కుర్రాళ్ల లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. సైలెన్సర్‌కూ అల్లాయ్ చక్రాలకూ వేలు పోస్తారు, బెల్టు మాత్రం పెట్టుకోరు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద అది నేరమని పోలీసులు చెబుతూనే ఉన్నారు గాని, ఆ కుర్రాళ్లకు మరో చోటు చూపించినవారు లేరు.

మనకు ఇలాంటి ఆట పూర్తిగా కొత్త కాదు. మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో జరుగుతూ వచ్చిన బాహా పోటీల్లో ఇంజినీరింగ్ విద్యార్థులు తాము తయారు చేసిన బండినే మట్టిదారిలో నాలుగు గంటలపాటు నడిపి నిలబెట్టాలి, మన రెండు రాష్ట్రాల కళాశాలల జట్లూ అందులో పాల్గొంటాయి. ఆ వార్త వస్తే కప్పు పట్టుకున్న ఫొటో వేస్తారు గాని, మూడో గంటలో ఏది విరిగింది, దాన్ని పిల్లలు ఎలా అతికించారు అన్నది ఎవరూ రాయరు. తుక్కుకు పోయే పాత కార్లతో, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలోనో కోయంబత్తూరులోని కరి ట్రాక్‌లోనో, ఇవే భద్రతా నియమాలతో ఒక సుదీర్ఘ పందేన్ని ఎవరైనా తలపెడితే మన కళాశాలలూ, మన షెడ్డు మెకానిక్‌లూ కలిసి వెళ్లగలరని నా నమ్మకం. అలా జరిగితే చాంబర్ దించడానికి నేను వస్తాను.

మా అబ్బాయి జట్టు ఆదివారం సాయంత్రానికి యాభై ఎనిమిదో స్థానంలో, సొంత ఇంజిన్‌తోనే ముగించింది. మీ క్రీడల పేజీలో అరపేజీ వద్దు, బాహా పోటీల తరువాత నాలుగు వాక్యాలు ఎక్కువ రాయించండి చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత మెకానిక్, విజయవాడ