మలేసియా వెళ్లే కార్మికుల చేతిలో ఏ పత్రాలున్నాయి?

సంపాదకులు గారికి,

నమస్కారం. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులు వీసా లేకుండా మలేసియా వెళ్లి 30 రోజుల వరకు ఉండే వీలు కలిగింది. పర్యాటకుల కోసం ఇచ్చిన ఈ సౌకర్యాన్ని చూపించి, ‘ముందు విజిట్ మీద వెళ్లండి, పని పర్మిట్ అక్కడ చేయిస్తాం’ అంటూ పల్లెల్లో యువకులను నమ్మించే ఏజెంట్లు ఉన్నారు. విజిట్ మీద దిగినవారు పని చేయడం అక్కడ నేరం. గడువు దాటి ఉండిపోతే జరిమానా, జైలు, దేశ బహిష్కరణ తప్పవు. వెళ్లేవారికి ఈ సంగతి ఎవరూ స్పష్టంగా చెప్పడం లేదన్నదే నా ఆవేదన.

పత్రాలు లేకపోవడం వల్ల కలిగే నష్టం పోలీసు తనిఖీలతో ఆగదు. మలేసియా భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న దేశం. మన దగ్గర రోహిణి కార్తె ఎండ ఎంత తీవ్రమైనా వానలు పడగానే తగ్గుతుంది, కానీ అక్కడ ఏడాది పొడవునా ఒకే ఉక్కపోత, తరచుగా మధ్యాహ్నం దాటాక పిడుగులతో కూడిన వాన. ఆయిల్ పామ్ తోటల్లో రబ్బరు బూట్లతో పనిచేసేవారికి చెమట ఆరక కాలివేళ్ల మధ్య చర్మం పాసిపోతుంది. డెంగీ ఫలానా కాలంలోనే వస్తుందన్న నియమం లేదు. మొదటి కొన్ని వారాలు పని భారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ, ఉప్పు కలిపిన గంజిగానీ మజ్జిగగానీ తాగుతూ ఉంటే శరీరం అలవాటు పడుతుంది. అయితే జ్వరం వచ్చిన రోజున ఆసుపత్రి మెట్లెక్కే ధైర్యం ఉండాలి. పర్మిట్ లేనివాడు పట్టుబడతానన్న భయంతో గదిలోనే పడుకుని, మాత్రలు మింగుతూ, రక్తస్రావం మొదలయ్యేదాకా ఆగుతాడు. చట్టబద్ధంగా వెళ్లినవారికి వైద్య పరీక్షలు, బీమా, పని ప్రమాదాలకు పరిహారం వర్తిస్తాయి.

పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండటం మామూలేనని మనవాళ్లు అనుకుంటారు. అది సరికాదు. మన 1967 నాటి చట్టం ప్రకారం పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. మరొకరి పాస్‌పోర్టును అధికారం లేకుండా దగ్గర ఉంచుకోవడం మలేసియా చట్టం ప్రకారమూ నేరమే. పాస్‌పోర్టు పోయినవారికి స్వదేశం చేరడానికి భారత హైకమిషన్ అత్యవసర ధ్రువపత్రం ఇస్తుంది. మొదటి పేజీ నకలు ఇంట్లో ఒకటి, ఫోనులో ఒకటి ఉంటే ఆ పని ఎంతో తేలికవుతుంది.

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుపై ఈసీఆర్ (వలస వెళ్లడానికి ముందస్తు అనుమతి అవసరం అని తెలిపే) ముద్ర ఉంటుంది. మలేసియాకు ఉద్యోగానికి వెళ్లాలంటే వారు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ఈ-మైగ్రేట్ ద్వారా ఆ అనుమతి తీసుకోవాలి. పదో తరగతి దాటినవారికి ఆ అనుమతి అక్కరలేదు కనుక వారి ఒప్పందాన్ని ముందుగా పరిశీలించే అధికారి ఎవరూ ఉండరు. వారికే ఎక్కువ హెచ్చరిక అవసరమని నా అభిప్రాయం. నమోదిత ఏజెంటు సేవా రుసుముగా గరిష్ఠంగా రూ. 30,000, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవాలన్న నిబంధన కూడా చాలామందికి తెలియదు.

హైదరాబాద్‌లోని ప్రవాసుల సంరక్షణాధికారి కార్యాలయం, రెండు రాష్ట్రాల కార్మిక శాఖలు నమోదిత ఏజెంట్ల జాబితాను ప్రతి మండల కార్యాలయంలో తెలుగులో అంటించాలని, ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణను నగరాలకే పరిమితం చేయకుండా జిల్లా కేంద్రాల్లోనూ ఇవ్వాలని, అందులో అక్కడి వాతావరణం, డెంగీ లక్షణాల గురించి కూడా చెప్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, జగిత్యాల