కొండను లారీలకెత్తాక ఇంకెక్కడ వెతుకుతారు?

సంపాదకుల వారికి,

ఎత్తైన కొండల్లో ఆదిమానవుల నివాసాల గురించి పోయిన ఆదివారం మీరు వేసిన వార్త చూశాను. లోపలి పేజీలో ఒక మూల, ఏడు లైన్లు. రాశిఫలాలకేమో పావు పేజీ. ఊరుకుందామనుకున్నాను, నాలుగు రోజులైనా మనసొప్పక రాస్తున్నాను.

టిబెట్ పీఠభూమిలోని బైషియా గుహలో 1980లో ఒక బౌద్ధ భిక్షువుకు దవడ ఎముక దొరికింది. అది 3,280 మీటర్ల ఎత్తు. ఆయన ఎముకను పారేయకుండా పెద్దల చేతికిచ్చాడు, అక్కడి నుంచి యూనివర్సిటీకి చేరింది. దానికంటుకున్న సున్నపు పెచ్చును పరీక్షిస్తే కనీసం 1,60,000 ఏళ్ల నాటిదని, డెనిసోవన్ అనే పాత మానవజాతిదని 2019లో తేల్చారు. గుహ అలాగే ఉంది కాబట్టి తర్వాత నేల తవ్వి, ఆ మట్టిలోనే వాళ్ల డీఎన్‌ఏ పట్టుకున్నారు. ఇది కదా మా పిల్లలకు చెప్పాల్సిన కథ!

మా కోనసీమలో ఎంత తవ్వినా ఒండ్రు, ఇసుక తప్ప రాయి తగలదు. గోదావరి తెచ్చి పోసిన నేల ఇది. అంత పాతకాలం సంగతి తెలియాలంటే ఎగువ కొండల్లోనే వెతకాలి. ఆ కొండలే ఇప్పుడు లారీలెక్కి మా ఊళ్లకు దిగుతున్నాయి.

నిరుడు మా వీధి చివర వరిచేను మెరక చేయడానికి గ్రావెల్ తోలారు. వానకు కడిగిన కుప్పలో ఒక రాయి కనిపించింది. అరచేతిలో పట్టేంత, ఒక కొస మొన, రెండు పక్కలా పెచ్చులు లేపిన గుంటలు. బొటనవేలు ఆనించే చోటు సరిగ్గా కుదిరింది. అది పనిముట్టో మామూలు రాయో తేల్చే చదువు నాకు లేదు. తేల్చాల్సిన వాళ్ల ఆఫీసుకు రెండు బస్సులు మారి పట్టుకెళ్లాను.

"ఎక్కడ దొరికిందండీ?"

"గ్రావెల్ లోడులో."

"అయితే పనికిరాదు, తీసుకెళ్లండి."

ఏ మట్టి పొరలో దొరికిందో తెలియని రాయికి వయసు కట్టడం కష్టమని నాకూ తెలుసు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతపు బూడిద పొర ఉంది, 74 వేల ఏళ్ల నాటిది. దాని కిందా పైనా పనిముట్లు దొరికాయి కనుకే వాటి కాలం లెక్కగట్టగలిగారు. కానీ ఆ రాయి ఏ క్వారీ నుంచి వచ్చిందని కూడా అడగరా? లారీ నంబరు, క్వారీ ఊరు కాగితం మీద రాసుకుని మరీ వెళ్లాను. ఆ కాగితం చూసినవాళ్లే లేరు.

సెల్ఫీ పాయింట్లకు, వెల్‌కమ్ ఆర్చీలకు డబ్బులుంటాయి. క్వారీకి పర్మిషన్ ఇచ్చేముందు తెలిసిన మనిషి ఒకరు ఆ కొండ చుట్టూ ఒక్కరోజు నడిచి రావడానికి ఉండవు! పాపికొండల్లో ఏ గుహ ఎక్కడుందో కొండరెడ్ల పెద్దలు చెబుతారు, వెళ్లి అడగాలంతే. ఒకపక్క పోలవరం ముంపు, ఇంకోపక్క పొక్లెయిన్లు. పొక్లెయిన్ దిగాక అడిగి ఏం లాభం?

రాయి మా ఇంట్లో కిటికీ గట్టు మీదే ఉంది, లారీ నంబరు కాగితం దాని కిందే పెట్టాను. చూస్తామని ఎవరొచ్చినా ఇస్తాను.

— ఒక రిటైర్డ్ మాస్టారు,
అమలాపురం